అబ్కారీ పేర్చిన అంతస్తులు: బోగోలు తీరంలో కల్లు, సారా, సీసా

నెల్లూరు జిల్లాలో కావలికి దక్షిణాన, బంగాళాఖాతపు ఒడ్డు నుంచి రైలుమార్గాన్నీ జాతీయ రహదారినీ దాటి పడమటి మెట్ట అంచుల వైపు పరుచుకున్న బోగోలు మండలం చిన్నదే అయినా, మద్యానికీ సామాజిక అంతస్తుకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించేవారికి అరుదైన క్షేత్రం. తూర్పున జువ్వలదిన్నె వంటి మత్స్యకార గ్రామాలు, ఇసుక నేలల్లో తాటితోపులు, నడుమ ఆవిరి ఇంజన్ల కాలంలో ఎదిగిన బిట్రగుంట రైల్వే కాలనీ, కావలికి పడమటి మెట్టలో సారా వ్యతిరేకోద్యమానికి పుట్టినిల్లయిన కలిగిరి మండలపు దూబగుంట, ఇవన్నీ ఒక్కరోజు ప్రయాణంలో చూసి రాగలిగినంత దగ్గరలో ఉన్నాయి. ఐరోపాలో మనిషి ఏ తోట వైన్ తాగుతాడు, ఏ ఏటి వైన్ కోరుకుంటాడు అన్నదాన్ని బట్టి అతని పుట్టుకనూ చదువునూ అంచనా కట్టే అలవాటు శతాబ్దాలుగా ఉంది. ఈ తీరంలో ద్రాక్ష పంట లేదు, వైన్ రుచి ఎరిగినవారు ఏ కాలంలోనూ ఎక్కువమంది కారు. అయినా తాగే వస్తువును చూసి తాగేవాడి స్థాయిని నిర్ణయించే పద్ధతి ఇక్కడా అంతే గట్టిగా పాతుకుంది, కల్లు, సారా, బ్రాందీ, విస్కీ అనే మెట్ల వరుస పల్లెపల్లెకూ తెలిసిపోయింది. ఆ వరుసను పేర్చడంలో నాలుకకన్నా ప్రభుత్వపు పన్ను పద్ధతికే ఎక్కువ పాత్ర ఉందన్నది ఈ చరిత్రను మొదటి నుంచీ చూస్తే తేలే విషయం.

ద్రాక్షతో చేసిన మద్యం మన దేశంలో మొదటి నుంచీ పరాయి వస్తువుగా, అందువల్లనే గొప్పింటి వస్తువుగా కనిపిస్తుంది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడు, అంటే మద్యపు తయారీనీ అమ్మకాన్నీ పర్యవేక్షించే అధికారి, తన అదుపులో ఉంచుకోవలసిన పానీయాల జాబితా ఉంది. మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం అన్న వాటి తరువాత వచ్చే ‘మధు’ మాత్రమే ద్రాక్షరసంతో చేసినది, దాని రకాలైన కాపిశాయనం, హారహూరకం అన్న పేర్లు వాయవ్య సరిహద్దు ప్రాంతాలను సూచిస్తాయి. క్రీస్తుశకం తొలి శతాబ్దానికి చెందిన ‘పెరిప్లస్’ అనే గ్రీకు నావికుల కరదీపిక, పశ్చిమ తీరపు భరుకచ్ఛ రేవులో, అంటే నేటి భరూచ్‌లో, దిగుమతయ్యే సరుకుల్లో వైన్‌ను పేర్కొని, అందులోనూ ఇటలీ వైన్‌కే ఎక్కువ గిరాకీ అని చెప్పింది. తూర్పు తీరంలో పుదుచ్చేరి దగ్గరి అరికమేడు తవ్వకాల్లో వైన్ నింపి తెచ్చిన రోమన్ జాడీల ముక్కలు దొరికాయి. నెల్లూరు సమీపంలో 1786లో ఒక రైతు నాగలికి రోమన్ బంగారు నాణేల కుండ తగిలిన సంగతి కూడా గ్రంథస్థమయింది. నాణేలు దొరికినంత మాత్రాన ఆ ఊళ్లో వైన్ తాగారని చెప్పడం తొందరపాటే అవుతుంది. దూరదేశపు సరుకును కొనగల స్తోమత ఉన్నవాళ్లు ఈ తీరంలో ఉండేవారన్నంత వరకు ఆ సాక్ష్యం చాలు.

జనసామాన్యానికి చెట్టే మధుశాల. తాటిచెట్లలో పోతుతాడు, పెంటితాడు అని రెండు రకాలుంటాయి, రెండింటి నుంచీ కల్లు తీస్తారు. గీతగాడు, అంటే చెట్టు గీసి కల్లు దించే పనివాడు, నడుముకూ మానుకూ చుట్టిన మోకు సాయంతో పైకెక్కి, గెల మొనను పదునైన కత్తితో పలచగా చెక్కి, దాని కింద లొట్టి అనే చిన్న కుండను కడతాడు. ఆ గాయం ఆరిపోకుండా పూటపూటా చెక్కుతూనే ఉండాలి. అందువల్ల గీత పనికి సెలవు లేదు, పట్టు తప్పి పడినవాడికి రెండో అవకాశమూ లేదు. లొట్టి లోపల సున్నం పూస్తే రసం పులియకుండా తియ్యటి నీరాగా నిలుస్తుంది. పూయకపోతే గాలిలోని ఈస్టు కణాలు అందులోని చక్కెరను కొద్ది గంటల్లోనే ఆల్కహాలుగా మారుస్తాయి. సాయంత్రానికి పులుపెక్కి, మరునాటికి తాగడానికి పనికిరాకుండా పోయే ఈ పానీయంలో ఆల్కహాలు సాధారణంగా నాలుగు నుంచి ఆరు శాతం, బీరుకు దరిదాపు. నిలవ ఉండకపోవడమే కల్లు సామాజిక చరిత్రకు మూలమని చెప్పవచ్చు. వైన్‌ను ఏళ్ల తరబడి దాచి, పాతబడిన కొద్దీ ధర పెంచి, దాని వయసును యజమాని వంశగౌరవంలో భాగం చేసుకోవడం సాధ్యం, కల్లు విషయంలో ఆ అవకాశం ప్రకృతే ఇవ్వలేదు. అది ఆ పూట, ఆ ఊళ్లో, ఆ చెట్టుకు చేరువలో తాగవలసిన వస్తువు.

చెట్టెక్కే పని ఈ తీరంలో ఈడిగ, గమళ్ళ కులాలవారిది. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాల, తెగల గ్రంథంలో ఈ రెండు పేర్లూ గీత వృత్తివారివిగానే నమోదయ్యాయి. తాగేవారిలో పట్టపువారైన జాలరులు, మాలమాదిగ పేటల కూలీలు, యానాదులు, చిన్న రైతులు అందరూ ఉండేవారు. పాకలో కూర్చునే చోటు మాత్రం అందరికీ ఒకటి కాదు. ముంతతో తాగేవారొకరు, తాటాకు డొప్ప పట్టి ఎత్తి పోయించుకునేవారొకరు. ఒకే లొట్టిలోని కల్లు కులాన్ని బట్టి వేరువేరు పాత్రల్లోకి దిగేది. అయితే ఈ అంతరాలకు గ్రామదేవతల కొలుపులు కొంత మినహాయింపునిచ్చేవి. నెల్లూరు సీమలో పోలేరమ్మకూ అంకమ్మకూ చేసే ఆ జాతరల్లో కల్లూ సారా నైవేద్యాలు, దేవత ముందు పెట్టినదాన్ని నీచమైనదని బహిరంగంగా అనడానికి ఊరి పెద్దలకు కూడా నోరు రాదు. శాస్త్రం సురాపానాన్ని మహాపాతకాల్లో చేర్చినా, ఊరి దేవతకు ఆ శాస్త్రం వర్తించలేదు.

ఈ దొంతరను చట్టపు భాషలోకి మార్చింది బ్రిటిష్ పాలన. మద్రాసు అబ్కారీ చట్టం 1886లో వచ్చింది. అబ్కారీ అంటే మత్తుపదార్థాల తయారీ, అమ్మకాలపై ప్రభుత్వం వసూలు చేసే సుంకం, ఆ సుంకాన్ని చూసే శాఖకు కూడా అదే పేరు. చట్టం వచ్చాక గీసే ప్రతి చెట్టుకూ పన్ను కట్టవలసి వచ్చింది, దుకాణం పెట్టుకునే హక్కును ఏటా పాటలో, అంటే బహిరంగ వేలంలో, పాడుకోవలసి వచ్చింది. తన పెరటి చెట్టు రసం తాను తాగడం కూడా అనుమతి లేకపోతే నేరమైంది. గీతగాడు అంతకు ముందు ఊరికి సరుకిచ్చి ధాన్యం పుచ్చుకునే వృత్తికారుడు, ఇప్పుడు పాట పాడుకున్న కాంట్రాక్టరు కింద కూలివాడయ్యాడు. ఇంతకన్నా దూరం వెళ్లిన ఫలితం మరొకటి ఉంది. అబ్కారీ వ్యవస్థ మద్యాన్ని ‘దేశవాళీ’, ‘విదేశీ’ అని రెండుగా విడగొట్టి, రెండింటికీ వేరు లైసెన్సులు, వేరు సుంకాలు, వేరు దుకాణాలు పెట్టింది. కల్లూ సారా మొదటి గదిలోకి, బ్రాందీ, విస్కీ, బీరు, వైన్ రెండో గదిలోకి చేరాయి. మొదటిది ఊరి చివర పాకలో పగిలిన కుండల మధ్య అమ్మేది, రెండోది పట్నపు బజారులో అద్దాల బీరువాలోంచి తీసి ఇచ్చేది. చట్టం గీసిన ఈ గీత పక్కనే మర్యాద కూడా తన గీత గీసుకుంది. ఇది ఒక్క మద్రాసు రాజధానిలోనే జరిగిన వింత కాదు. ఇంగ్లండు, పోర్చుగల్‌ల మధ్య 1703లో కుదిరిన మెథ్యూయెన్ ఒప్పందం పోర్చుగల్ వైన్‌పై సుంకాన్ని ఫ్రెంచి వైన్ సుంకంలో మూడింట రెండు వంతులకు పరిమితం చేయడంతో, పోర్టు వైన్ మధ్యతరగతి ఇంగ్లీషువాడి గ్లాసులోకి దిగి, ఖరీదెక్కిన బోర్డో వైన్ ప్రభువుల బల్లకు గుర్తుగా మిగిలింది. అక్కడ సుంకపు పట్టిక చేసిన పనే ఇక్కడ అబ్కారీ లైసెన్సు చేసింది.

రెండో గది మద్యం బోగోలు ప్రాంతానికి రైలుతో పాటు వచ్చింది. గూడూరు, బెజవాడల మధ్య రైలుమార్గం 1899లో పూర్తయి మద్రాసును తూర్పు తీరంతో కలిపింది, ఆ మార్గంలో బిట్రగుంట ఆవిరి ఇంజన్ల షెడ్డుకు కేంద్రంగా ఎదిగింది. ఇంజన్లకు నీరూ బొగ్గూ ఎక్కించే చోట డ్రైవర్లు, ఫైర్‌మెన్, గార్డుల కుటుంబాలు స్థిరపడ్డాయి, వారిలో ఆంగ్లో-ఇండియన్లు, అంటే ఐరోపా పితృవంశానికి చెందిన భారతీయులు, గణనీయంగా ఉండేవారు. రైల్వే కాలనీల జీవితానికి ఇన్‌స్టిట్యూట్ కేంద్రం. నాట్యాలు, పేకాట, బిలియర్డ్స్, క్రిస్మస్ విందు, వాటితో పాటు గ్లాసూ అక్కడే. కాలనీ సరిహద్దుకు అవతల తాటితోపులో కూలీ తాగేది ‘తాగుడు’, ఇవతల బల్ల దగ్గర డ్రైవరు తాగేది ‘డ్రింక్’. ఆంగ్లో-ఇండియన్లను తెల్లవారు తమతో సమానంగా చూడలేదు, ఊరివారు తమవారిగా లెక్కించలేదు. ఆ ఇరుకున నిలబడిన సమాజానికి సీసా మద్యం ఏ గట్టున ఉన్నామో చెప్పుకునే సాధనాల్లో ఒకటయింది. ఈ మార్గం విద్యుదీకరణతో షెడ్డు ప్రాభవం తగ్గి, చాలా కుటుంబాలు వలస పోయాయి. సీసాతో వచ్చిన హోదా మాత్రం వారితో వలస పోలేదు.

వైన్ అనే పదార్థం ఈ ప్రాంతంలో గౌరవంగా నిలిచిన చోట్లు రెండు, చర్చి ఒకటి, ఆయుర్వేద వైద్యుని అలమర ఇంకొకటి. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషను 1840లో మొదలయింది. తరువాతి దశాబ్దాల్లో దళిత కుటుంబాలు పెద్దసంఖ్యలో ఆ సంఘంలో చేరాయి, తెలుగు బైబిల్లోని ద్రాక్షారసం అన్న మాట వారి నోట పవిత్రమైన మాటగా స్థిరపడింది. బాప్టిస్టులు మద్యపానాన్ని గట్టిగా వ్యతిరేకించేవారు కనుక ప్రభురాత్రి భోజన సంస్కారంలో పులియని రసం వాడటానికే మొగ్గు చూపారు. రోమన్ కాథలిక్కుల పూజలో మాత్రం పులిసిన వైనే ఉండాలి, ఆ కారణంగానే మద్యనిషేధ చట్టాలు కూడా చర్చికి మినహాయింపునిచ్చాయి. ఇక వైద్యుని అలమరలోని ద్రాక్షారిష్టం, ద్రాక్షాసవం స్వయంగా పులిసి తయారయ్యే మందులు, వాటిలో కల్లులో ఉన్నంత, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ ఆల్కహాలు ఉంటుంది. కల్లుపాక వైపు తల తిప్పని ఇళ్లలో కూడా భోజనానంతరం ఔన్సు గ్లాసుతో అరిష్టం కొలిచి తాగేవారు. పేరు మందు కావడం వల్ల ఆ ద్రవం ఏ అంతస్తులోనూ తలవంపు కాలేదు.

జాతీయోద్యమ కాలంలో ఈ ద్వంద్వం మరింత స్పష్టపడింది. నెల్లూరు సమీపంలోని పల్లెపాడులో పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని గాంధీజీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించారు. మద్యపాన నిషేధం ఆయన నిర్మాణ కార్యక్రమంలో ప్రధానాంశం, కల్లు దుకాణాల ముందు పికెటింగు ఆ దశాబ్దపు కాంగ్రెసు రాజకీయాల్లో సాధారణ దృశ్యం. అదే తరంలో నెల్లూరు మండలపు కవికోకిల దువ్వూరి రామిరెడ్డి పారశీక కవి ఉమర్ ఖయ్యాం రుబాయీలను ‘పానశాల’గా తెలుగు చేశారు. సేద్యం చేసుకుంటూ రైతు బతుకును కావ్యవస్తువు చేసిన కవి ఆయన. ఆ కావ్యాన్ని ఆదరించిన పండిత కుటుంబాల్లో ఎంతమంది ద్రాక్షమద్యాన్ని కంటితోనైనా చూసి ఉంటారన్నది సందేహమే. మధుపాత్ర, మధుశాల, సాకీ అన్నవి పుస్తకంలో సౌందర్యం, తాత్త్వికత. లొట్టి, పాక, గీతగాడు అన్నవి వీధిలో సంస్కరించవలసిన దురాచారం. ఇందుకు కవిని తప్పుపట్టనక్కర లేదు, సంస్కర్తలనూ తప్పుపట్టనక్కర లేదు. చదువుకున్న వర్గానికి మద్యం రెండు వేరువేరు వస్తువులుగా కనిపించిందన్నదే ఇక్కడ గమనించవలసినది.

మద్రాసు మద్యనిషేధ చట్టం రాజాజీ ప్రభుత్వ హయాంలో 1937లో వచ్చింది, అది మొదట సేలం జిల్లాలో, ఆ తరువాత చిత్తూరు, కడప జిల్లాల్లో అమలై, యుద్ధకాలపు విరామం దాటి 1948 అక్టోబరు 2 నాటికి నెల్లూరుతో సహా రాజధాని మొత్తానికీ విస్తరించింది. చట్టం అందరికీ ఒకటే అయినా విదేశీ మద్యం తాగేవారికి వ్యక్తిగత పర్మిట్లు ఉండేవి. కల్లు తాగేవాడికి పర్మిటు అన్న ఊహ కూడా చట్టానికి రాలేదు. ఫలితంగా తోపులు మూగబోయి, పొదల చాటున తుమ్మచెక్క, నల్లబెల్లం ఊరబెట్టిన నాటుసారా బట్టీలు వెలిశాయి. చెట్టు మీద బతికిన కులాల ఉపాధి ప్రశ్న రాజకీయంగా ఎంత తీవ్రమైందంటే, 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం నాయకత్వంలోని ఆంధ్ర రాష్ట్ర ప్రభుత్వం మద్యనిషేధం వివాదంపై ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న సాగించిన పోరాటం దాని వెనుక ఉంది. ఆంధ్ర జిల్లాల్లో నిషేధం చివరకు 1969లో తొలగిపోయింది.

నిషేధం తరువాత తిరిగి వచ్చినది పాత కల్లుపాక కాదు, కాంట్రాక్టరు సారా. సారా అంటే చక్కెర మిల్లుల్లో మిగిలే మొలాసిస్ మడ్డిని పులియబెట్టి, బట్టీ పట్టి తీసిన స్పిరిట్‌కు నీళ్లు కలిపిన ద్రవం. ప్రభుత్వ డిస్టిలరీలో తయారై, జిల్లాల వారీగా పాట పాడుకున్నవారి చేతుల మీదుగా ఊళ్లకు చేరేది. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో ‘వారుణి వాహిని’ పేరుతో సారాను పాలిథిన్ ప్యాకెట్లలో సరఫరా చేయడం మొదలయ్యాక, పాక దాకా నడవవలసిన పని కూడా లేకుండా సైకిలు మీద, సంచిలో, పొలం గట్టు వరకూ అది నడిచొచ్చింది. రాష్ట్రపు అబ్కారీ రాబడి 1970–71లో 39 కోట్ల రూపాయలు, 1991–92 నాటికి 800 కోట్లు దాటింది. ఈ అంకెలను రాబడిగా మాత్రమే చదివితే సగమే అర్థమవుతుంది. అది పొద్దుగూకే లోపు కూలి డబ్బులో నుంచి, కొంత భార్య తెచ్చిన కూలిలో నుంచి తీసిన మొత్తం.

నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం రాత్రిబడులను నడుపుతున్న రోజుల్లో, వాచకంలోని సీతమ్మ కథ అనే పాఠం సారాతో నలిగిన ఆడదాని బతుకును చర్చకు తెచ్చింది. దూబగుంటలో 1992లో స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు, వర్ధినేని రోశమ్మ పేరు దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా వినిపించింది. కారప్పొడీ చీపుర్లూ పట్టుకున్న స్త్రీలు జిల్లా కేంద్రంలో సారా పాటలనే అడ్డుకోవడంతో వేలం వాయిదాల మీద వాయిదాలు పడింది. నెల్లూరు జిల్లాలో 1993 ఏప్రిల్ 15 నుంచి, రాష్ట్రమంతటా అదే ఏడు అక్టోబరు 1 నుంచి సారా నిషేధమైంది. రామారావు తిరిగి అధికారంలోకి వచ్చాక 1995 జనవరిలో సీసా మద్యాన్ని కూడా నిషేధించారు, 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని సడలించింది. సారా మాత్రం తిరిగి రాలేదు. రెండేళ్లకే వీగిపోయిన నిషేధం ఏదో, శాశ్వతంగా నిలిచినది ఏదో పక్కపక్కన పెట్టి చూస్తే, రాజ్యం దృష్టిలో ఎవరి గ్లాసు తేలికైనదో దాపరికం లేకుండా తెలుస్తుంది. స్త్రీలు అడిగింది ఇంట్లో శాంతి, కూలి డబ్బుకు రక్షణ. ప్రభుత్వం ఇచ్చింది దేశవాళీ గదికి తాళం.

ఆ తరువాత అంతస్తుల లెక్క సీసా లోపలికే మారింది. ‘ఇండియన్ మేడ్ ఫారిన్ లిక్కర్’ అని అబ్కారీ శాఖ పిలిచే వర్గంలోని బ్రాందీ, విస్కీ, రమ్ములకు ఇప్పుడు పల్లెలోనూ ఒక వరుస ఉంది. కూలి చవక బ్రాందీ క్వార్టర్ కొంటాడు, ఉద్యోగి విస్కీ హాఫ్ కొంటాడు, గల్ఫు నుంచో అమెరికా నుంచో వచ్చినవాడు విమానాశ్రయపు సంచిలోని స్కాచ్ బయటికి తీస్తాడు. చవక సీసాలో చాలా వరకు ఉన్నది పాత సారాకు మూలమైన మొలాసిస్ స్పిరిట్టే, మరింత శుద్ధి చేసి, రంగూ వాసనా కలిపినది. దేశంలో తయారయ్యే చవక బ్రాందీకీ ఖరీదైన విస్కీకీ లేబులు మీద కనిపించే ఆల్కహాలు పాలు సాధారణంగా ఒక్కటే, 42.8 శాతం. అయినా క్వార్టర్ సీసా పేరు చెప్పగానే ఎదుటివాడి కూలి ఎంతో, కులం ఏదో ఊహించే నేర్పు పల్లె రచ్చబండకు ఉంది. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త పియర్ బోర్దియూ 1979లో వెలువరించిన గ్రంథంలో అభిరుచి వర్గానికి గుర్తుగా పనిచేస్తుందని పారిస్ ఉదాహరణలతో నిరూపించాడు. బోగోలు సెంటర్లో నిలబడినా అతనికి అదే సామగ్రి దొరికి ఉండేది.

ఈ వరుసలో వైన్‌ది విచిత్రమైన స్థానం. జిల్లాలో మద్యం దుకాణాల బోర్డుల మీద ‘వైన్స్’ అనే ఉంటుంది, లోపల వైన్ అడిగేవారు మాత్రం తక్కువ. హైదరాబాదులో తయారయ్యే గోల్కొండ రూబీ వంటి తియ్యటి వైన్లను చాలాకాలం ఆడవాళ్లకో, ముసలివాళ్లకో, గుండెజబ్బు ఉన్నవాళ్లకో తగినవిగా చూశారు. నాసిక్ ప్రాంతపు ద్రాక్షతోటల నుంచి 2000 ప్రాంతం తరువాత వచ్చిన పొడి వైన్లు, అంటే తీపి మిగలకుండా పులిసినవి, నగరాల్లోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల బల్ల మీద ఆధునికతకు గుర్తయ్యాయి. రుచికీ హోదాకూ నడుమ ఉన్న దూరాన్ని ప్రయోగశాలలు కూడా కొలిచాయి. బోర్డోలో 2001లో ప్రచురితమైన అధ్యయనంలో తెల్ల వైన్‌కు ఎర్ర రంగు కలిపి ఇస్తే, వైన్ శాస్త్రం చదువుతున్న 54 మంది విద్యార్థులు దానికి ఎర్ర వైన్ వాసనలనే ఆపాదించారు. కాలిఫోర్నియాలో 2008 నాటి మరో ప్రయోగంలో ఒకే వైన్‌ను పది డాలర్లదని, తొంభై డాలర్లదని వేరువేరుగా చెప్పి ఇచ్చినప్పుడు తాగినవారికి ఖరీదైనదే బాగున్నట్టనిపించింది. నాలుక ధరను కూడా రుచిగా చదువుకుంటుందన్నమాట.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వమే దుకాణాలు నడిపిన కాలంలో పరిచయమైన బ్రాండ్లు కనుమరుగై, తెలియని పేర్లు అలమరలు నింపడం పెద్ద రాజకీయ వివాదమయింది. తాగేవారి ఫిర్యాదులో ఆరోగ్య భయంతో పాటు, అలవాటైన బ్రాండుతో వచ్చే గుర్తింపు పోయిందన్న అసహనమూ వినిపించింది. 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు తిరిగి వచ్చినప్పుడు 99 రూపాయలకే క్వార్టర్ అన్నది ప్రభుత్వపు ప్రధాన వాగ్దానాల్లో ఒకటి, అంటే ఒకప్పటి ప్యాకెట్ సారా తాగినవారి మెట్టును సీసాలోనే మళ్లీ కట్టడం. అదే విధానంలో పది శాతం దుకాణాలను గీత కులాలకు కేటాయించారు. మోకు వదిలి చాలాకాలమైన ఈడిగ, గౌడ కుటుంబాల యువకులకు ఆ లైసెన్సులకు దరఖాస్తు చేసుకునే వీలు కలిగింది. తాతలు దించిన కల్లును పక్కకు నెట్టిన సరుకే వారి కౌంటరు మీద అమ్ముడవుతుంది, అబ్కారీ ఫీజు మాత్రం అప్పటిలాగే ముందుగా కట్టాలి.